డీజిలు ఇంజనుకు నీటి పోషణము



ట్రాక్టరు, వరికోత యంత్రము, ధాన్యము మోయు లారీ, ఇవి నేడు మన గ్రామములందు పెక్కుచోట్ల ఎద్దులకు మారుగ పనిచేయుచున్నవి. ఎద్దునకు మేత యెంత ముఖ్యమో కుడితియు నంతే ముఖ్యమని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంజను విషయమున మాత్రము మేతను, అనగా డీజిలును గూర్చి విచారించినంతగా నీటిని గూర్చి విచారింపము. డీజిలు లీటరు వెల యెంతయో ప్రతి సభ్యుడును చెప్పగలడు. రేడియేటరులో ఏ నీరు పోసిరో, ఎప్పుడు పోసిరో చెప్పగలవారు అరుదు. ఇంజనులు అకాలముగ చెడుటకు గల కారణములలో నీటియెడ ఉపేక్ష ముఖ్యమైన దగుటచే, ఈ పాఠమునకు ఆ విషయమునే గైకొంటిమి.

2023వ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటెను. కోతకు వచ్చిన చేలును, కోసి పనలమీదనున్న వరియు నీటిపాలైన సంగతి కోస్తా జిల్లాల రైతులు మరువలేదు. తుపాను వార్త వచ్చిన పిమ్మట మనకు మిగులునది కొలది దినముల వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో సంఘపు కోత యంత్రము వేడెక్కి నిలిచిపోయినచో, నష్టము యంత్రముతో పోదు. వరుసలో వేచియున్న సభ్యులందరి పంటకును నష్టమే. ఈ దృష్టితో చదువుడని కోరుచున్నాము.

వేడి యెంత?

రుడాల్ఫ్ డీజిల్ జర్మనీదేశమున ఔగ్స్‌బర్గు పట్టణములో 1897లో తన ఇంజనును పరీక్షింపజేసినప్పుడు అది ఇంధనములోని శక్తిలో సుమారు నాల్గవ వంతును పనిగా మార్చెను. ఆ కాలమున అది గొప్ప ఫలితము. నేటి ట్రాక్టరు ఇంజను మూడవ వంతునో, అంతకు కొంచెము ఎక్కువనో పనిగా మార్చును. మిగిలినదంతయు వేడియే. మొత్తము శక్తిలో మరియొక మూడవ వంతు పొగగొట్టము గుండ పోవును. సుమారు నాల్గవ వంతు ఇంజను గోడలగుండ నీటికి చేరును. శేషము చుట్టునున్న గాలిలో కలియును.

ఈ నాల్గవ వంతు స్వల్పమని తలపరాదు. ఒక లీటరు డీజిలు మండినపుడు నీటికి చేరు వేడి, సుమారు 30 లీటర్ల చల్లని నీటిని మరగించుటకు చాలును. గంటకు 8 లీటర్లు త్రాగు ఇంజను గంటకు 240 లీటర్ల నీటిని మరగించు పొయ్యితో సమానము. ఇంత వేడిని రేడియేటరులోను, ఇంజనులోను గల కొలది లీటర్ల నీరే మాటిమాటికి తిరుగుచు మోసికొనిపోవలెను. డీజిలు మండు క్షణమున సిలిండరులోని వాయువుల వేడి 2000 సెంటిగ్రేడు డిగ్రీల సమీపమునకు పోవును. పిస్టనునకు వాడు అల్యూమినియము 660 డిగ్రీలకే కరగును. ఇట్టి నిప్పును గర్భమునం దుంచుకొని ఇంజను కరగక నిలుచుటకు కారణము, గోడల వెలుపల తిరుగు నీరును, లోపల తిరుగు కందెన నూనెయునే.

నీటి మార్గము

ఈ మార్గమును ప్రతి సభ్యుడును ఒకమారు ఇంజను ప్రక్కన నిలిచి చూచుట మంచిది. రేడియేటరు అడుగునుండి చల్లని నీరు పంపునకు వచ్చును. పంపు దానిని సిలిండరు లైనర్ల చుట్టును, పైనున్న హెడ్డులోనికిని నెట్టును. వేడిని గ్రహించిన నీరు థర్మోస్టాటు అను చిన్న తలుపు కడకు చేరును. నీరు తగినంత వేడెక్కువరకు, అనగా పెక్కు ఇంజనులలో 80 డిగ్రీలకు కొంచెము పైవరకు, ఈ తలుపు మూసికొనియుండి నీటిని ఇంజనులోనే త్రిప్పును. పిమ్మట తెరచుకొని రేడియేటరు పైభాగమునకు పంపును. అచ్చటి సన్నని గొట్టములగుండ నీరు దిగునపుడు ఫ్యాను గాలి దాని వేడిని తీసికొనిపోవును.

రేడియేటరు మూత సామాన్యమైన మూత గాదు. అందులోని స్ప్రింగు నీటిని ఒత్తిడిలో నుంచును. తెరచిన పాత్రలో నీరు 100 డిగ్రీలకు మరగును; చదరపు అంగుళమునకు 15 పౌనుల ఒత్తిడి నిలుపు మూత క్రింద ఇంచుమించు 120 డిగ్రీల వరకు మరగదు. మూతలోని రబ్బరు చెడినను, మూతకు బదులు గుడ్డపీలిక కుక్కినను ఈ రక్షణ పోవును.

మరియు వేడిగనున్న ఇంజను మూత తీయుట ప్రాణాపాయకరము. ఒత్తిడి తొలగినంతనే, 100 డిగ్రీలకు మించిన వేడిగల నీటిలో కొంతభాగము ఒక్కమారుగ ఆవిరియగును. ఒక లీటరు నీరు ఆవిరియైనచో 1600 లీటర్లకు పైగ వ్యాపించును. ఆ యావిరియు, దానితో ఎగజిమ్ము మరుగునీరును మూత తీసినవాని ముఖమును, కన్నులను, చేతులను కాల్చును. ఇంజను నాపి, పూర్తిగ చల్లారనిచ్చి, పై గొట్టముపై చేయి నిలుపగలిగిన పిమ్మటనే, మూతను దళసరి గుడ్డతో పట్టి మొదటి మెట్టువరకు త్రిప్పి, మిగిలిన ఒత్తిడిని పోనిచ్చి, అటుపై తీయవలెను.

ఏ నీరు పోయవలెను?

సబ్బు నురుగురాని నీరు, కందిపప్పు త్వరగ ఉడకని నీరు ఎట్టిదో మన గృహిణులు బాగుగ నెరుగుదురు. అది సున్నపు లవణములు గల కఠినజలము. పెక్కు బోరుబావుల నీరు ఇట్టిదే. నీళ్ళు కాచు కాగు లోపల తెల్లని పెచ్చు కట్టుటకు కారణ మిది: నీటిలో కరగియున్న లవణము వేడి తగిలినపుడు విరిగి, కరగని సున్నపురాయిగ మారి లోహమునకు పట్టుకొనును. ఇంజను లోపలను ఇట్లే జరుగును. అది మన కంటబడదు, అంతే భేదము. ఎచ్చట వేడి అధికమో అచ్చటనే, అనగా హెడ్డులోను లైనర్ల పైభాగమునను, పెచ్చు దట్టముగ పట్టును.

అదే మందము గల పోత ఇనుము పోనిచ్చు వేడిలో ఈ పెచ్చు పోనిచ్చునది సుమారు ఇరువదవ వంతు మాత్రమే. కాగునకు పెచ్చు పట్టినచో కొన్ని కట్టెలు అధికముగ కాలును. ఇంజనుకు పట్టినచో, రేడియేటరు నిండుగనున్నను, ఫ్యాను తిరుగుచున్నను, లోపలి లోహము మితిమీరి కాగి, తుదకు హెడ్డు బీటవారును. అందుచేత బోరునీరు, చెరువునీరు, కాలువనీరు రేడియేటరులో పోయరాదు. బ్యాటరీలకు వాడు శుద్ధజలము శ్రేష్ఠము. అది దొరకనిచో, వాన కొంతసేపు కురిసి పైకప్పు కడుగబడిన తరువాత శుభ్రమైన పాత్రలో పట్టి, గుడ్డతో వడగట్టిన వాననీరు బోరునీటికంటె ఎంతయో మేలు.

లైనరునకు పడు తూట్లు

శుద్ధజలము మాత్రమే చాలునా యనిన, చాలదు. పెద్ద డీజిలు ఇంజనులలో సిలిండరు లోపలి లైనరు పెక్కింట విడిగ తీసి మార్చదగినదై, దాని వెలుపలి గోడ నేరుగ నీటిలో మునిగియుండును. ఈ లైనర్లకు ఒక ప్రత్యేకమైన వ్యాధి కలదు. ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు 1000 మారులు డీజిలు మండును. మండిన ప్రతిమారును పిస్టను లైనరు గోడను తాకును; గోడ మ్రోగిన గంటవలె అదరును. అదరిన గోడ నీటినుండి వెనుకకు జరిగిన క్షణమున అచ్చట సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టును. గోడ మరల ముందునకు వచ్చినంతనే ఆ బుడగలు పగిలి, నీరు సూదివలె లోహమును పొడుచును. ఒక పోటుతో ఏమియు గాదు. కాని బావి త్రాడు రాతి ఒరను కోసినట్లు, లెక్కకు మించిన పోటులు పడగా పడగా లైనరుపై సన్నని గుంటలు తేలును. గుంట లోతై ఆవలికి తూటు పడినచో నీరు సిలిండరులోనికిని, కందెన నూనెలోనికిని దిగును. అంతట ఇంజను విప్పక తప్పదు.

దీనికి మందు కూలెంటు అను ద్రవము. అందులో ప్రధానమైనది గ్లైకాలు. దానితో తుప్పును, గుంటలను నివారించు లవణములు కలిపియుందురు. నైట్రైటు, మాలిబ్డేటు వంటి లవణములు లైనరుపై పల్చని పొర కట్టును. బుడగ ఆ పొరను చీల్చినను, చీలినచోట పొర మరల కట్టుకొనును. ‘‘మన దేశమున నీరు గడ్డకట్టదుగదా, కూలెంటు మనకేల?’’ అని కొందరందురు. సగము గ్లైకాలు, సగము నీరు గల మిశ్రమము సున్నకు దిగువ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదను మాట నిజమే. అది చలిదేశములవారికి ముఖ్యము. మనకు కావలసిన గుణములు వేరు: తుప్పు పట్టకుండుట, లైనరునకు తూట్లు పడకుండుట, నీటికంటె ఆలస్యముగ మరగుట. ఈ మూడును కూలెంటు వలననే కలుగును.

కూలెంటు వాడుటలో గమనింపవలసిన నియమములు కలవు. డబ్బాపై భారీ డీజిలు ఇంజనులకు తగినదని వ్రాసియున్నదానినే కొనవలెను. కార్లకు మాత్రమే చేసినది మన యంత్రమునకు చాలకపోవచ్చును. నీటితో కలుపవలసిన పాళ్ళు యంత్రముతో వచ్చిన చేతిపుస్తకములో నుండును. సామాన్యముగ అవి సగము సగము. నీరు కలుపక గ్లైకాలునే పోయుటయు తప్పే, ఏలయన అది నీరు మోసినంత వేడిని మోయలేదు. ముందుగనే నీరు కలిపి అమ్ము రకములు కలవు. వానిలో మరల నీరు కలుపరాదు. ఆకుపచ్చ, ఎరుపు మొదలగు రంగులనుబట్టి రకమును నిర్ణయింపరాదు. రెండు రకములు కలిపినచో మందుల గుణము చెడవచ్చును. లవణములు కాలక్రమమున తరిగిపోవును గనుక, చేతిపుస్తకములో చెప్పిన గడువునకు కూలెంటును మార్చవలెను. నీరు శుభ్రముగ కనబడుచున్నదని గడువు దాటనీయరాదు.

ఒక హెచ్చరిక. పెక్కు కూలెంటులలో నుండు ఎథిలీను గ్లైకాలు తియ్యగ నుండు విషము. పశువులుగాని, కుక్కలుగాని, పసిపిల్లలుగాని త్రాగినచో మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. తీసివేసిన ద్రవమును గట్లపైనను, కాలువలోను, పశువుల తొట్టి దగ్గరను పారబోయరాదు. మూతగల డబ్బాలో పట్టి వేరుగ నుంచవలెను. త్రాగునీటి సీసాలలో కూలెంటును ఎన్నడును నిలువయుంచరాదు.

నాటు చిట్కాలు

రేడియేటరు కారుచున్నచో పసుపు కలిపి పోయు అలవాటు కొందరికి కలదు. పసుపు గాయమునకు మందేగాని రేడియేటరునకు గాదు. అది కారుచోటనే గాక, సన్నని గొట్టములన్నిటను చేరి నీటి నడకను అడ్డగించును. నాడు కారుట నిలిచినను, మరునాడు ఇంజను వేడెక్కును.

వేడెక్కు ఇంజనులోని థర్మోస్టాటును తీసిపారవేయుట మరియొక దురలవాటు. ఇంజనుకు మితిమీరిన వేడి యెంత హానియో, చాలని వేడియు నంతే హాని. పూర్వము బావులయొద్ద ఆయిలు ఇంజనుల గుండ తోడిన నీటినే నిరంతరముగ పారించెడివారు. ఇంజను ఎన్నడును తగినంత వేడెక్కక, డీజిలు పూర్తిగ మండక, ఖర్చు పెరిగి, సిలిండరు త్వరగ అరిగెడిది. థర్మోస్టాటు తీసినచో నేటి ఇంజనుకును ఇట్టి గతియే పట్టవచ్చును. అంతేగాక, కొన్ని ఇంజనులలో థర్మోస్టాటు లేనిచో వేడినీరు రేడియేటరునకు పోక అడ్డదారిని ఇంజనులోనికే తిరిగి వచ్చును. వేడి తగ్గుటకు మారు హెచ్చును. చెడినదానిని మార్చవలెనేగాని లేకుండ చేయరాదు.

ప్రతిదినము చేయవలసిన పనులు

ఇంజను చల్లగనున్నపుడు, ఉదయమున పని మొదలుపెట్టకమునుపు, ఈ క్రింది పరీక్షలు చేయవలెను. ఇవి పది నిమిషముల పని.

1. నీటి మట్టము చూడవలెను. తగ్గినచో, ఇంజనులో నున్న మిశ్రమమునే అదే పాళ్ళలో పోయవలెను. మాటిమాటికి వట్టి నీరు పోసినచో మందు పలుచనై పనిచేయదు.

2. ఎంత పోసితిమో వ్రాయవలెను. బాగుగనున్న ఇంజనులో నీరు తరుగరాదు. ‘‘వేడికి ఆవిరియై పోయినది’’ అను మాట సరికాదు. తరచుగ పోయవలసి వచ్చుచున్నచో ఎచ్చటనో కారుచున్నదనియే గ్రహింపవలెను.

3. రబ్బరు గొట్టములను చేతితో నొక్కి చూడవలెను. మెత్తబడినవానిని, బీటలువారినవానిని, ఉబ్బినవానిని మార్చవలెను.

4. ఫ్యాను బెల్టు నడుమ బొటనవ్రేలితో అదుమగ సుమారు అర అంగుళము లోనికి పోవుట సామాన్యపు కొలత. చేతిపుస్తకములో వేరుగ నున్నచో దానినే పాటింపవలెను. వదులైన బెల్టు జారి, ఫ్యానును పంపును సరిగ త్రిప్పదు.

5. నీటి పంపు క్రింద నున్న చిన్న రంధ్రమును చూడవలెను. అందుండి చుక్కలు పడుచున్నచో పంపు లోపలి సీలు అరిగినదని యర్థము. ఆ రంధ్రమును మేకుతోగాని, జిగురుతోగాని మూయరాదు. అది వ్యాధిని తెలుపుట కుంచిన నోరు.

6. రేడియేటరు రేకుల నడుమ చేరిన తాలు, పొట్టు, గడ్డి దుమ్ము తీయవలెను. కోతకాలమున ఉదయ మొక్కమారు చాలదు, మధ్యాహ్నమును తీయవలెను. గాలి వచ్చు దిక్కునకు ఎదురుగ, అనగా లోపలినుండి వెలుపలికి ఊదవలెను. మిక్కిలి వడిగల నీటిధారను దగ్గరగ కొట్టినచో పల్చని రేకులు వంగి గాలి నడక మూసికొనిపోవును.

7. కందెన నూనెను కొలపుల్లతో తీసి చూడవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు కలిసినట్లే. అట్టి ఇంజనును నడుపక, మెకానిక్కునకు చూపవలెను.

పని ముగిసిన పిమ్మట ఇంజనును వెంటనే ఆపరాదు. మూడు నాలుగు నిమిషములు బరువులేకుండ మెల్లగ తిరుగనిచ్చినచో లోపలి వేడి సమముగ దిగును.

ఇంజను వేడెక్కినపుడు

సూచిక ఎర్రగీతను సమీపించినంతనే పనిని నిలుపవలెను. ‘‘ఈ మడి ముగించి ఆపెదము’’ అనుకొనుటయే పెక్కు ఇంజనుల మరణమునకు కారణము. బెల్టు తెగినను, గొట్టము పగిలి నీరు పోయినను తక్షణమే ఇంజను నాపవలెను. అట్లుగాక నీరును, బెల్టును సరిగనే యున్నచో, బరువు తొలగించి కొన్ని నిమిషములు మెల్లగ తిరుగనిచ్చి, వేడి తగ్గకున్నచో ఆపవలెను. కాలిన ఇంజనుపైగాని లోపలగాని చల్లని నీరు పోయరాదు. కాలిన పెనముపై నీరు చల్లినచో ఏమగునో మనకు తెలియును. పోత ఇనుప హెడ్డు ఆ వేడి భేదమునకు తాళలేక పగులును. చల్లారిన పిమ్మట, పైన చెప్పిన రీతిగ మూత తీసి, నీరు తగ్గినచో కొద్దికొద్దిగ పోయవలెను. అటుపై కారణమును వెదకవలెను. కారణము తెలియక మరల నడుపుట తగదు.

సంఘముల కర్తవ్యము

స్వంత ఎద్దునకు ఉదయముననే కుడితి పెట్టువాడు, సంఘపు యంత్రమున నీరు చూడకపోవుట కలదు. అందరి సొత్తగుటచే ఎవరికి వారు వేరొకరు చూచియుందురని తలతురు. కావున ప్రతి యంత్రమునకును ఒక బాధ్యుని పేరు తీర్మానము వలన నిర్ణయింపవలెను. యంత్రముతో నొక చిన్న పుస్తక ముండవలెను. అందు తేదీ, ఇంజను నడచిన గంటలు, పోసిన మిశ్రమము ఎంత, చూచినవాని సంతకము అను నాలుగు గళ్ళు చాలును. కూలెంటు మార్చిన దినమును, మరల మార్చవలసిన దినమును మొదటి పుటలో వ్రాయవలెను. ఈ పుస్తకమును పాలకవర్గమువారు నెలకొకమారు చూచినచో, నీటి తరుగుదలను బట్టియే రాబోవు చెరుపును ముందుగ కనిపెట్టగలరు.

ఇంకొక ముఖ్యవిషయము కలదు. యంత్రము నడుపువానికి ఎకరమునకింత, గంటకింత అని కూలి యిచ్చుచోట, వేడెక్కినపుడు ఆపుట వానికి నష్టము. వరుసలోనున్న రైతు తొందరపెట్టును; కూలి పోవునని వాడు నడుపును. అందుచేత, వేడికి యంత్రము నాపిన సమయమునకు నడుపువాని కూలి తగ్గింపబడదని సంఘము ముందుగనే తీర్మానింపవలెను. నాపినవానిని సభ్యుడెవడును నిందింపరాదు. అరగంట కూలి ఇచ్చుట సంఘమునకు బరువు గాదు. ఇంజను విప్పించి లైనర్లను, పిస్టనులను, హెడ్డును బాగుచేయించుట బరువు. ఆ బాగుచేత ముగియువరకు చేలలో నిలిచియుండు వరికి వెల కట్టువారెవ్వరు?

కోతలు ప్రారంభము కాకమునుపే ప్రతి సంఘమువారును తమ యంత్రములలోని నీటిని పరీక్షింపించి, గడువు తీరినదానిని మార్పించి, మూతలను, బెల్టులను, గొట్టములను సరిచూచుకొందురని ఆశించుచున్నాము. మబ్బు పట్టిన పిమ్మట చేయదగిన పని కోత. ఇంజను బాగుచేత గాదు.